దీపమునొద్ద చేయి

వర్షాకాలమున వరిపొలములకు చేరువనున్న ఊళ్ళలో రాత్రి దీపము వెలిగిన చోటికి ఒక చిన్న పురుగు వచ్చును. పొడవు సెంటీమీటరుకు మించదు. నారింజ రంగు, నలుపు మార్చి మార్చి పట్టీలవలె నుండును. శాస్త్రజ్ఞులు దీనిని పెడెరస్ అందురు. ఇది కుట్టదు, కరవదు. దుకాణములో లెక్కలు చూచుకొను వర్తకుని మెడమీద ప్రాకినపుడు ఆతడు చూడకయే అరచేతితో నలిపివేయును. అప్పటికేమియు తెలియదు. మరునాటికో, ఆ మరునాటికో అచట ఎఱ్ఱని చార తేలి, మంట పుట్టి, పొక్కులు లేచును. ఆ చేతితో కన్ను నులిమికొన్నచో కన్ను వాచును.

పురుగు శరీరద్రవములోని పెడెరిన్ అను విషమే దీనికి కారణము. ఆడ పురుగులలో నివసించు సూక్ష్మజీవులు దానిని తయారుచేయునని 2002లో పరిశోధనలు తెలిపినవి. సాధారణముగా పురుగు నలిగినపుడే ఆ విషము చర్మమునకు తగులును.

ఇది చూచి “హింసకు ఫలము వెంటనే దక్కినది” అనువారు కలరు. ఈ మాట విచారణకు నిలువదు. దోమను చంపినవానికి ఇట్టి పొక్కు రాదు. నిద్రలో ఒత్తిగిలి ఈ పురుగును నలిపిన పసివానికి వచ్చును. కావున పొక్కు పాపమునకు కొలత కాదు.

మరి కొలత యేది? వర్తకునికి పురుగుపై పగ లేదు. కాని చూపును లేదు. ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించుచు ప్రమాదమునే, అనగా ఏమరుపాటునే, ముందు నిలిపెను. దోషము చేయి లేచుటకు పూర్వమే ఆరంభమైనది.

పొక్కునకు వెఱచి చేయి ఆపినచో అది అహింసయగునా? ఈ పురుగును విడిచి, హాని చేయని దీపపు పురుగును నలుపువాడు లాభనష్టములు చూచుకొన్నవాడే గాని దయ చూపినవాడు కాడు. ఇది పొలములో పైరును పాడుచేయు దోమలను తిని రైతునకు మేలు చేయును. అదియు మన లాభమే. దాని ప్రాణము దానికి ప్రియమనుట చాలదా? అయినను భయముచేనైనను ఆగుట నేర్చిన చేయి, దయ కలిగిననాడు సులభముగా ఆగును.

ఆచరణ కష్టము కాదు. పురుగును ఊదవలెను, లేదా కాగితముపై నెక్కించి వెలుపల విడువవలెను. పొరపాటున నలిగినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. కంటికి తగిలినచో వైద్యుని చూడవలెను. దీపమునకు వచ్చు జీవులను తలచియే గదా పెద్దలు రాత్రిభోజనము వర్జించిరి! ఆ నియమము పాటించు ఇంట చేయి చూడక లేవవచ్చునా?