కొట్టు పెద్దదైంది, పీట ఏమైంది?

ఒక కుటుంబం చిన్న కొట్టుతో మొదలుపెట్టి, అది నాలుగు కొట్లై, ఏడంతస్తులై, ఆపైన హోటళ్లై ఊరూరా వెలిస్తే చూసి సంతోషిస్తాం. పైకొచ్చినవాళ్లు మన భాషవాళ్లయితే ఆ సంతోషం రెట్టింపవుతుంది. పొరుగు రాష్ట్రంలో బతికేవాళ్లకు అది సహజమే. అయితే ఎదుగుదలను మనం కొలిచే కొలబద్ద మీద నాకొక సందేహం ఉంది. అంతస్తులు లెక్కపెడతాం. శాఖలు లెక్కపెడతాం. ఆ అంతస్తుల్లో పొద్దుట నుంచి రాత్రి దాకా ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నది మాత్రం లెక్కపెట్టం. అసలు లెక్క అదేనేమో అనిపిస్తుంది నాకు.

చెన్నైలో ఆ లెక్క తీయాలంటే త్యాగరాయనగర్‌కు వెళ్లాలి. ఆ పేటకు పేరిచ్చింది తెలుగువాడు, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ శెట్టి. పేట నడిబొడ్డున ఉన్న పార్కు 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానిని పాలించిన పానగల్ రాజా పేరు మీద ఉంది. ఆయనా తెలుగువాడే. 1920లలో పెద్ద చెరువును ఎండగట్టి, ఇళ్ల కోసం వేసిన పేట ఇది. బజారు తర్వాత వచ్చింది. 1928లో నల్లి చిన్నసామి శెట్టి ఇక్కడ పట్టుచీరల కొట్టు పెట్టారు. 1964లో జి. రాజేంద్రన్ నగల దుకాణం తెరిచారు. జి.ఆర్.టి. పేరుతో మనకు తెలిసిన ఆ సంస్థ ఇవాళ దక్షిణాది ఊళ్లలో నగల దుకాణాలతో పాటు మహాబలిపురం సముద్రపుటొడ్డు దాకా హోటళ్లు నడుపుతోంది. నల్లివారిదీ, వారిదీ నేటికీ కుటుంబ వ్యాపారాలే. ఈ పేర్లు ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పలేదు. ఒకటి రెండు తరాల్లో ఒక కొట్టు ఎంత దూరం నడవగలదో చెప్పడానికి చెప్పాను.

ఇంత దూరం నడిపించింది పెట్టుబడి ఒక్కటే కాదు, ఇంటిపేరు మీద జనానికున్న నమ్మకం. బంగారం స్వచ్ఛత కొనేవాడి కంటికి తెలియదు. పట్టులో జరీ ఎంతో, నూలెంతో తెలియదు. ‘ఫలానావారి కొట్టు’ అన్న మాటే హామీ. తండ్రి పేరు చెడకూడదని కొడుకు జాగ్రత్తపడతాడని మన ధీమా. కుటుంబ వ్యాపారానికి ఉన్న నైతిక బలం ఇదే. నేను ప్రశ్నించదలచుకున్నదీ దీన్నే. ఆ పేరు సరుక్కి మాత్రమే పూచీ పడుతుందా, సరుకు చూపించే మనిషికి కూడా పడుతుందా?

పాత చీరల కొట్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేలంతా తెల్లటి దుప్పటి పరిచిన పరుపు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటే, ఎదురుగా గుమాస్తా బాసింపట్టు వేసుకుని కూర్చుని మడతలు విప్పేవాడు. యజమాని గల్లాపెట్టె దగ్గర అదే ఎత్తులో కూర్చునేవాడు. జీతం తక్కువే కావచ్చు, చివాట్లూ పడి ఉండవచ్చు. అదేమీ స్వర్ణయుగం కాదు. కాని ఆ గదిలో అందరూ కూర్చునే ఉండేవారు. కొట్టు పెరిగేసరికి పరుపు పోయి అద్దాల కౌంటరు వచ్చింది. ఈవైపు కొనేవాళ్లకు కుర్చీలు వచ్చాయి. ఆవైపు గుమాస్తా లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చోలేదు.

రంగనాథన్ వీధి కొట్లలో పనిచేసే పిల్లల బతుకు మీద 2010లో వసంతబాలన్ ‘అంగాడి తెరు’ అన్న తమిళ సినిమా తీశారు. చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది. మర్నాడు అదే వీధిలో కొనుక్కున్నవాళ్లూ వాళ్లే. కన్నీటికీ కుర్చీకీ మధ్య చాలా దూరం ఉంది.

ఆ దూరం దాటడానికి చట్టం కావలసి వచ్చింది. బ్రిటన్‌లో దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు, ముగ్గురికి ఒక ఆసనం చొప్పున ఉండాలని 1899లోనే చట్టం చేశారు. మన దగ్గర కోళిక్కోడ్‌లో విజి అనే దర్జీ పని చేసే స్త్రీ, అంగళ్లలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేరళ చట్టం సవరించింది. 2021లో తమిళనాడు తన 1947 నాటి దుకాణాల చట్టానికి సవరణ చేసి, పనివాళ్లందరికీ కూర్చునే వసతి ఉండాలంది. లండన్ నుంచి ఇక్కడికి కుర్చీ రావడానికి 122 ఏళ్లు పట్టింది. ఆ 2021లోనే బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి కావడం మొదలైంది. ఇంటిపేరు ఒక్కటే హామీగా చాలదని ప్రభుత్వం ఒకే ఏడాది రెండుసార్లు చెప్పినట్టయింది. బంగారం విషయంలో ఒకసారి, మనిషి విషయంలో ఒకసారి.

ఆ తర్వాత ఒక పెళ్లి బట్టలకు ఒక పెద్ద కొట్టుకు వెళ్లాం. చీరలు చూపిస్తున్న అమ్మాయిది తిరుత్తణి పక్క పల్లె. మా మాటలు విని తెలుగులోకి దిగింది. గంట గడిచింది, నలభై చీరలు విప్పింది. ఆమె వెనకాలే ఒక స్టూలు, దాని మీద సంచుల కట్ట. “కాసేపు కూచోమ్మా, స్టూలుంది కదా” అంది మా ఆవిడ. ఆ పిల్ల నవ్వి, కళ్లతోనే పైనున్న కెమెరాను చూపించింది. “స్టూలు మాకే ఇచ్చినారక్కా. కూచోమని మాత్రం చెప్పలేదు” అంది.

చట్టం స్టూలు వేయించగలదు. కూర్చోమని చెప్పవలసింది యజమాని.

యజమానుల వైపు వాదన లేకపోలేదు. కొనడానికి వచ్చినవారి ముందు కూర్చుంటే మర్యాద కాదంటారు. అతిథి దేవుడితో సమానమంటారు. హోటలు పెట్టాక ఈ మాట మరీ గట్టిపడుతుంది. కాని గుళ్లో పూజారి కూర్చుని కూడా పూజ చేస్తాడు కదా! దేవుడి ముందు లేని అమర్యాద, చీర కొనేవారి ముందు ఎక్కడిది?

“మా తాత కూడా నిలబడే అమ్మాడు” అనేది మరో వాదన. నిజమే, ఆ కష్టం గౌరవించవలసిందే. అయితే తాత నిలబడినది మనవడికి భవనమైంది. ఈ అమ్మాయి నిలబడినది ఆమె పిక్కల్లో ఉబ్బిన నరాలుగా మిగులుతుంది. రెండూ ఒకే నిలబడడం కాదు.

ఇక మూడోది, “మా దగ్గర పనిచేసేవాళ్లంతా మా కుటుంబమే” అనడం. దీన్ని నేను కొట్టిపారెయ్యను. ఊరి నుంచి వచ్చిన పిల్లలకు భోజనం, బస ఇచ్చి, పెళ్లిళ్లకు సాయం చేసిన యజమానులు ఉన్నారు. కాని కుటుంబం అన్న మాట అన్నాక దాని నియమాలూ ఒప్పుకోవాలి. ఇంట్లో అలిసినవాళ్లు ఎవరినీ అడక్కుండా కూర్చుంటారు. అడిగి కూర్చోవలసి వస్తే అది ఉద్యోగం. ఉద్యోగమైతే దానికి పని గంటలు, విశ్రాంతి, హక్కులు ఉండాలి. దీపావళి ఫొటోలో కుటుంబం, కౌంటరు దగ్గర ఉద్యోగం అంటే కుదరదు.

ఇందులో చెడ్డతనం కన్నా దూరమే ఎక్కువని నా నమ్మకం. ఒక్క గది కొట్టులో గుమాస్తా కాలు నొప్పి గల్లా దగ్గరికి కనిపించేది. ఇప్పుడు మధ్యలో ఏడంతస్తులు, మేనేజర్లు, సూపర్‌వైజర్లు ఉన్నారు. యజమానికి కనిపించేది అమ్మకం అంకె. కనిపించనిదానికి బాధ్యత ఎలా అని అడగవచ్చు. కనిపించకుండా చేసింది ఆ ఎదుగుదలే. దాని లాభం తీసుకునేవారు అది కప్పేసిన సంగతులకూ పూచీ పడాలి. మూడు వీధుల అవతల రేకు మీద ఎంత తగ్గింపు ఇస్తున్నారో తెలుసుకోగలిగిన సంస్థకు, తన మూడో అంతస్తులో ఎవరు కూర్చోలేదో తెలుసుకోవడం కష్టమా?

కొనే మన వంతూ ఉంది. ఎదుటి మనిషి లేచి నిలబడితేనే మర్యాద దక్కినట్టు భావించేది మనమే. యజమాని భయపడేది మన కనుబొమలకు. కొట్టులో నలుగురు కొనుగోలుదార్లు “కూచుని చూపించమ్మా, మాకేం అభ్యంతరం లేదు” అని మేనేజరుకు వినపడేటట్టు అంటే, చట్టం వేయించిన ఆ స్టూలు మీద సంచుల కట్ట కిందికి దిగుతుంది.