మోత మానితే చాలా?

పాత బండి అమ్మేవాడు దాని రోగం కొనేవాడికి చెప్పి తీరాలా? చూసుకోవలసింది కొనేవాడే కదా, అడగని మాట తానెందుకు చెప్పాలి? సంతలో ఎద్దుల బేరం జరిగిన నాటి నుంచీ ఉన్న ప్రశ్న ఇది. దీన్ని ఒక యంత్రభాగం సాయంతో పరిశీలిద్దాం. ఎందుకంటే ఆ భాగంలో మోతను మాన్పే పనీ, మోతను దాచే పనీ పైకి ఒక్కలాగే కనబడతాయి.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. ఆ తేడాను సర్దేది వెనక ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్. సాదా రకంలో ఒక చిక్కుంది. ఒక చక్రం బురదలో పడితే అది ఊరికే గిర్రున తిరుగుతుంది, గట్టినేల మీద ఉన్న రెండోది కదలదు. దీనికి విరుగుడు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అమెరికాలో 1956లో ప్యాకార్డ్ కార్లలో వచ్చింది, తర్వాత పికప్ ట్రక్కులకూ పాకింది. ఫోర్డ్ వారి ట్రాక్షన్-లాక్ ఈ కోవదే. ఇందులో పళ్ళచక్రాల పక్కన పల్చని క్లచ్ బిళ్ళల దొంతరలుంటాయి. స్ప్రింగు వాటిని అదిమి పట్టి ఉంచుతుంది. ఒక చక్రం జారిపోబోతే ఆ బిళ్ళల రాపిడి దాన్ని కొంత నిలవరించి, రెండో చక్రానికి బలం అందేటట్టు చేస్తుంది.

మలుపులో మాత్రం ఆ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి మెత్తగా జారాలి. అందుకోసం గేరు నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే ద్రవం కలుపుతారు. నూనె పాతబడినా, తగని నూనె పోసినా బిళ్ళలు పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి. మెల్లగా, ఇరుకుగా మలుపు తిప్పితే వెనకనుంచి గడగడమని మోత, వణుకు వస్తాయి. తిన్నని రోడ్డు మీద ఈ మోత వినబడదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

మంచి మెకానిక్ మోత ఎప్పుడు వస్తోందని మొదట అడుగుతాడు. తిన్నగా పోతున్నప్పుడే కూత పెడుతుంటే క్రౌన్-పినియన్ పళ్ళనో బేరింగులనో అనుమానిస్తాడు. మలుపులోనే గడగడ అయితే పాత నూనె తీసేసి, లోపల శుభ్రం చేసి, తయారీదారు చెప్పిన నూనెను, చెప్పిన కొలతలో మాడిఫయర్ కలిపి పోస్తాడు. ఖాళీ మైదానంలో బండిని మెల్లగా ఎనిమిది అంకెలా కొన్నిసార్లు తిప్పుతాడు, కొత్త నూనె బిళ్ళల మధ్యకు చేరాలని. అప్పటికీ మోత పోకపోతే విప్పి బిళ్ళలు మారుస్తాడు.

దాచేవాడి పద్ధతి వేరు. మాడిఫయర్ కొలతకు మించి పోస్తే మోత తగ్గవచ్చు, కాని బిళ్ళల పట్టు కూడా పోతుంది. కొన్నవాడికి ఆ సంగతి బురదలో దిగబడిన రోజున తెలుస్తుంది. అరిగిన పళ్ళ కూత వినబడకుండా రంపపు పొట్టు కలిపి అమ్మిన పాత కార్ల వ్యాపారుల కథలు అమెరికాలో చాలా పాతవి. మెకానిక్కూ డబ్బా వంచాడు, వ్యాపారీ డబ్బా వంచాడు. మోత రెండుచోట్లా తగ్గింది. మొదటివాడు మోత చెబుతున్న సంగతి విన్నాడు, రెండోవాడు చెప్పే నోరు నొక్కాడు.

కామర్సు చదివినవాళ్ళకు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షను గుర్తుండే ఉంటుంది. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చితే అది మోసం. పొట్టు కలిపినవాడు అక్కడే దొరికిపోయాడు. కాని ఊరికే నోరు మెదపకపోవడం సాధారణంగా మోసం కాదంటుంది చట్టం. అందులో గుర్రం ఉదాహరణ ఒకటుంది. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్మేవాడు ఏమీ చెప్పకపోయినా మోసం కాదు. అదే, కొనేది అప్పుడే యుక్తవయసు వచ్చిన సొంత కూతురైతే చెప్పడం అతని బాధ్యత. నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటానని కొనేవాడు ముందే అంటే, ఆ తర్వాతి మౌనం మాటతో సమానం.

ఇప్పుడు ఒకడు బండిని తిన్నని రోడ్డు మీదే నడిపి చూపించాడనుకుందాం. అబద్ధం ఆడలేదు, పొట్టు కలపలేదు. మలుపు తిప్పలేదు, అంతే. మామూలు జాగ్రత్తతో కొనేవాడే కనిపెట్టగలిగిన సంగతి కదా అని వాదించనూవచ్చు. కాని ఆ రోడ్డును ఎంచుకున్నది ఎవరు? ద్రోణుడి ముందు ధర్మరాజు కూడా ఏనుగు మాట చెప్పకపోలేదు, వినబడకుండా చెప్పాడు. అంతవరకూ నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం ఆ క్షణాన కిందికి దిగిందంటుంది భారతం. వినబడవలసింది వినబడకుండా చూసుకోవడం మౌనం కిందికి రాదని నా అభిప్రాయం.

అమ్మేవాడూ బీదవాడే కావచ్చు. తననూ ఎవరో ఇలాగే ముంచి ఉండవచ్చు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. బళ్ళారిలోనైనా బరంపురంలోనైనా పాత బండి మీద బతికేవాడికి పదివేలు తక్కువ రావడం చిన్న దెబ్బ కాదు. అయితే బ్యాంకు కౌంటరు దగ్గర రోజూ కనిపించే రెండు నోట్లు ఇక్కడ దారి చూపుతాయి. చిరిగిన నోటు తెస్తే మిగిలిన ముక్కను కొలిచి, నిబంధనల ప్రకారం దక్కే విలువ ఇస్తాం. నకిలీ నోటు తెస్తే ముద్ర వేసి ఉంచేసుకుంటాం, పైసా ఇవ్వం. తెచ్చినవాడు అమాయకుడే కావచ్చు, కాని నకిలీ అని తెలిశాక దాన్ని మరొకరికి అంటగడితే నేరం అతనిదే అవుతుంది. తనకు జరిగిన నష్టం పక్కవాడి మీదికి నెట్టే హక్కు ఇవ్వదు.

రోగం చెప్పి అమ్మిన బండి చిరిగిన నోటు వంటిది. విలువ తగ్గుతుంది, కాని ఉన్న విలువ నిజమైనది. కొన్నవాడు నూనెకూ బిళ్ళలకూ ఎంతవుతుందో లెక్క వేసుకుని బేరమాడతాడు, అప్పు తీసుకుంటే ఆ ఖర్చూ కలుపుకుంటాడు. రోగం దాచి అమ్మిన బండికి అతడు లేని విలువను వాయిదాలలో కడతాడు.

చట్టం చెప్పవలసిన బాధ్యతను కూతురి వంటి దగ్గరి బంధానికే పెట్టింది. ప్రతి బేరంలోనూ కోర్టు దూరితే వ్యాపారం సాగదు కనుక దానికి ఆ హద్దు తప్పదేమో. మనకు ఆ ఇబ్బంది లేదు. అపరిచితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ స్థలంలో బండిని ఒక్కసారి మెల్లగా మలుపు తిప్పితే చాలు. చెప్పవలసినది బండే చెబుతుంది.