ఉద్యోగం పోయింది, అప్పు మిగిలింది

పాపం నుంచీ, అప్పుల భారం నుంచీ తనను కాపాడమని దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజులో అల్లాహ్‌ను వేడుకునేవారు. అప్పు నుంచి అంత తరచుగా శరణు కోరడం ఎందుకని ఒకరు అడిగారు. అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, మాటిస్తే తప్పుతాడని ఆయన (స) బదులిచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అప్పు వల్ల మనిషి పేదవాడవుతాడని ఆయన చెప్పలేదు, గమనించండి. అబద్ధాలకు అలవాటు పడతాడని చెప్పారు.

ఒక యువ సోదరుణ్ణి చూశాక ఈ హదీసు నాకు మరింత బాగా అర్థమైంది. గుంటూరు జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు. ఒకరోజు పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేకపోయాడు. రోజూ తొమ్మిది గంటలకు టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, ఎక్కడెక్కడో తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. కిరాణా సరుకులు, పిల్లవాడి స్కూలు ఫీజు, కరెంటు బిల్లు అన్నీ క్రెడిట్ కార్డు మీదే. అది నిండితే రెండో కార్డు. మూడు నెలల్లో అప్పు రెండు లక్షలు దాటింది. మస్జిదులో ముందు వరుసలో నిలబడే ఒక పెద్దాయన దగ్గర అయిదు వేలు చేబదులు తీసుకున్నాడట. ఆయనకు ముఖం చూపలేక ఫజ్ర్ జమాఅతుకు రావడం మానేశాడు. బ్యాంకు వాళ్ళ ఫోను మోగితే ఎనిమిదేళ్ళ కొడుకు చేతికిచ్చి, 'అబ్బా ఇంట్లో లేరు' అని చెప్పించేవాడు.

అప్పు చేసింది తండ్రి, అబద్ధం నేర్చుకున్నది కొడుకు.

మన పల్లెల్లో వడ్డీని రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటేనే 'అమ్మో' అంటాం. అయిదు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి రక్తం తాగేవాడంటాం. మరి కార్డు సంగతి? చాలా కార్డుల మీద నెలకు సుమారు మూడున్నర రూపాయల వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 42 శాతం. లక్ష రూపాయల బాకీ ఉందనుకోండి. నెల వడ్డీ 3,500 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 630 రూపాయలు. బిల్లులో 'కనీసం ఇంత కట్టండి' అనే చోట 5,000 ఉంటే, అది కట్టి హమ్మయ్య అనుకుంటాం. నిజానికి అప్పు తగ్గింది 870 రూపాయలే! పైగా బాకీ మిగిలి ఉండగా కొత్తగా ఏది కొన్నా, ఆ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీసినా అంతే. ఏడాదికి 30 శాతానికి మించి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో దాన్ని కొట్టివేసింది. కనుక ఈ వడ్డీకి చట్టం అడ్డుపడుతుందని ఎదురు చూడకండి.

'నేను గడువులోగా మొత్తం కట్టేస్తాను, నాకు వడ్డీతో పనేముంది' అని వాదించే సోదరులున్నారు. జీతం వచ్చినంత కాలం ఆ మాట నిలుస్తుంది. ఉద్యోగం పోయిన మర్నాడు అదే కార్డు వడ్డీ వ్యాపారి వాకిలి అవుతుంది. వడ్డీ బకాయిలను వదిలిపెట్టమని, లేకుంటే అల్లాహ్‌తోనూ ఆయన ప్రవక్తతోనూ యుద్ధమే అన్నంత తీవ్రమైన హెచ్చరిక బఖరా సూరాలో (2:278-279) ఉంది. ఇరుక్కున్నవాడు ముందు అల్లాహ్ ఎదుట పశ్చాత్తాపపడాలి. ఆ వెంటనే కార్డు వాడకం ఆపాలి. వాడకం ఆపని పశ్చాత్తాపం నోటి మాటే.

ఆ తర్వాత ఇంట్లో చెప్పాలి. మా సోదరుడు ఒక రాత్రి ఇషా తర్వాత ధైర్యం చేసి భార్యకు చెప్పాడు. ఆమె కోప్పడలేదు. "నాకు నెల క్రితమే తెలుసండీ. మీరే చెబుతారని చూస్తున్నాను" అన్నదట. ఇద్దరూ కూర్చుని ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాశారు. ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు (2:282) అప్పును రాసి పెట్టుకోవడం గురించే అవతరించింది. మనం పెళ్ళి కట్నకానుకలు రాస్తాం, అప్పు మాత్రం మనసులో దాచుకుంటాం. మనిషి హఠాత్తుగా కన్నుమూస్తే వారసులకు దారి చూపేది ఆ కాగితమే. బాకీ ఉన్న ఒక వ్యక్తి జనాజా నమాజు చదివించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ బాకీ నాదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీ పడ్డాకే చదివించారు.

ఆమె తన నగలు తీసి ముందు పెట్టింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మహర్, నగలు స్త్రీ సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే భర్తకు ధర్మసమ్మతం (4:4). ముఖం మాడ్చుకుని అడిగి తీసుకున్నది మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు కాదు. ఇచ్చినా, దాన్ని వడ్డీకి తాకట్టు పెడితే ఒక గోతిలోంచి లేచి మరో గోతిలో పడ్డట్టే. అవసరమైతే అమ్మండి. లేదా వడ్డీ లేకుండా అప్పిచ్చే సంఘాలు, బైతుల్‌మాల్‌లు మీ ఊళ్ళో ఉన్నాయేమో విచారించండి. ఫోనులో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. వాటి వేధింపుల మీద 2020 చివర్లో హైదరాబాదులో పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు కూడా చేశారు.

బ్యాంకుతో ఎలా మాట్లాడాలి? దాక్కోకుండా మాట్లాడాలి. ఉద్యోగం పోయిందని లిఖితపూర్వకంగా తెలియజేసి, వడ్డీ, జరిమానాలు తగ్గించి వాయిదాలు ఇవ్వమని అడగాలి. ఇలా అడగడం నామోషీ కాదు. హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీ కోసం మస్జిదులోనే ఇబ్ను అబీ హద్రద్ (రజి)ను నిలదీశారు. గొంతులు పెరిగాయి. దైవప్రవక్త (స) తన గది తెర తొలగించి, సగం వదిలెయ్యమని కాబ్‌కు సైగ చేశారు. ఆయన ఒప్పుకున్నారు. వెంటనే రెండో ఆయనతో, లేచి మిగతాది చెల్లించమన్నారు. ఒకరికి తగ్గించమని, మరొకరికి ఇక ఆలస్యం చేయవద్దని చెప్పారన్నమాట. బ్యాంకు తగ్గించి ఒప్పుకుంటే ఆ మాట కాగితం మీద తీసుకున్నాకే డబ్బు కట్టండి. కట్టాక బాకీ లేదనే పత్రం అడగండి. తక్కువకు పరిష్కరించుకున్నట్టు రుణచరిత్రలో నమోదవుతుంది, తర్వాత అప్పు దొరకడం కష్టమవుతుంది. మనకది మరీ పెద్ద నష్టమని నేననుకోను.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. అలా చేస్తే ముందు బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఈ అవమానాలు పడలేక ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చినవారు వెంటనే ఇంట్లోవారికి చెప్పండి. మిమ్మల్ని మీరు చంపుకోకండని నిషేధించిన ఆయతులోనే (4:29), అల్లాహ్ మీ పట్ల దయామయుడన్న మాట కూడా ఉంది. మన ప్రవక్త (స) పరమపదించే నాటికి ఆయన కవచం బార్లీ గింజల కోసం కుదువలో ఉంది. అప్పు ఉన్నంత మాత్రాన మనిషి నీచుడైపోడు.

ఇక మిగతా జమాఅతు వారికి. దైవప్రవక్త (స) కాలంలో ఒకాయన పండ్లు కొని నష్టపోయి అప్పులపాలయ్యాడు. ఆయనకు దానం చేయమని ప్రవక్త (స) ప్రజలకు చెప్పారు. వచ్చింది చాలలేదు. అప్పుడు ఋణదాతలతో, దొరికింది తీసుకోండి, అంతకు మించి మీకు లేదన్నారు (ముస్లిం). రుణగ్రస్తుల కోసం జకాత్‌లో అల్లాహ్ స్వయంగా వాటా పెట్టాడు (9:60). రమజానులో మనం జకాత్ పంచేటప్పుడు చేయి చాచినవారే కనిపిస్తారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖాళీ డబ్బాతో తిరిగేవాడు కనిపించడు. కమిటీ పెద్దలు అలాంటివారిని రహస్యంగా వెతకాలి. ఎవరి బాకీకి జకాత్ వర్తిస్తుందో స్థానిక ఉలమాను అడిగి తెలుసుకోవాలి. చేబదులు ఇచ్చినవారు ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇవ్వాలి. వదిలేస్తే ఇంకా మేలు (2:280).

ముందు వరుస పెద్దాయనకు ఈ సంగతి తెలిసింది. ఒకరోజు ఇంటికే వెళ్ళి, "అయిదు వేల కోసం జమాఅతు వదులుకుంటావా నాయనా, అవి ఉన్నప్పుడే ఇద్దువుగానిలే" అని చెప్పి తీసుకువచ్చారు. ఇప్పుడా సోదరుడు ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. జీతం పాత దానిలో సగం. ఒక కార్డు తీరింది, రెండోది వాయిదాల్లో ఉంది. మొన్న నేను వాళ్ళింట్లో ఉండగానే ఫోను మోగింది. పిల్లవాడు అలవాటుగా తండ్రి వంక చూశాడు. తండ్రే లేచి ఫోనెత్తి, "నేనే మాట్లాడుతున్నానండీ, 7వ తేదీన నాలుగు వేలు కడతాను" అన్నాడు.