ఏమీ మిగలని పని

1986లో నెల్లూరులో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి గూడూరు వెళ్ళాను. మా అమ్మమ్మ నేను తెచ్చిన మిఠాయి నోట్లో వేసుకుని, "ఆడ నువ్వు చేసే పనేంది అబ్బయా?" అని అడిగింది. కాయితాలు రాస్తానన్నాను. "రాస్తావులే. తయారుచేసేదేంది?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. ముప్పై ఆరేళ్ళు ఆ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ ప్రశ్నకి ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేను.

అమ్మమ్మకి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. ఆమె గూడూరులో మైకా షెడ్డులో పనిచేసిన మనిషి. సైదాపురం వైపు గనుల్లోంచి వచ్చిన అభ్రకం పలకల్ని కత్తితో పొరలు పొరలుగా విడదీసి, సైజుల వారీగా వేరుచేసే పని. రాయి పుస్తకం మాదిరి విచ్చుకుంటుందనేది. వేడికి కాలదు, కరెంటుని పారనివ్వదు కాబట్టి రేడియో వాల్వుల్లో, కండెన్సర్లలో మైకా వాడేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో దానికి గిరాకీ అంతా ఇంతా కాదు. తర్వాత ట్రాన్సిస్టర్లొచ్చి వాల్వుల్ని పక్కకు నెట్టాయి. పెద్ద కొనుగోలుదారుగా ఉన్న సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అమ్మమ్మ దాచుకున్న అరచేయంత మైకా పలక మాత్రం మా ఇంట్లో దేవుడి గూట్లో ఇప్పటికీ ఉంది.

వ్యవసాయం నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి సేవలకి దేశాలు మెట్లెక్కినట్టు ఎదుగుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మన దేశం ఆ మెట్లు వరసగా ఎక్కలేదు. దేశం సంపాదనలో సగానికి పైగా సేవారంగం నుంచే వస్తోంది. పనిచేసేవాళ్ళలో దాదాపు 45 శాతం మంది మాత్రం ఇంకా పొలాల్లోనే ఉన్నారు. నడిమెట్టు మీద సరిగా కాలు పెట్టకుండానే పై మెట్టుకి వెళ్ళామన్నమాట. పేదదేశాలు ధనికం కాకముందే పరిశ్రమల దశ దాటిపోతున్నాయని ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ 2015లో హెచ్చరించాడు.

పాత నెల్లూరు జిల్లాలో అయితే మెట్లన్నీ ఒకేచోట కలిసిపోయి కనిపిస్తాయి. మైకా పోయింది, తీరమంతా రొయ్యల గుంటలొచ్చాయి. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. తడ దగ్గర బూట్ల ఫ్యాక్టరీకి ఆడపిల్లలు బస్సుల్లో తెల్లారకముందే బయల్దేరతారు. నెల్లూరు టౌను చూస్తే కాలేజీలు, ఆసుపత్రులు.

ఇక శ్రీహరికోట సంగతి. 2017 ఫిబ్రవరి 15న ఒకే పీఎస్ఎల్వీ 104 ఉపగ్రహాల్ని మోసుకెళ్ళింది. అందులో 101 విదేశాలవే. ఇంత శ్రమపడి తయారుచేసిన రాకెట్టు అరగంటలో పనికిరాకుండా పోతుంది. ఆ విదేశాలు కొన్నది రాకెట్టుని కాదు, పైకి చేర్చే పనిని. ఒక రకంగా అది రవాణా కూలి. వస్తువు ఎక్కడ ఆగుతుంది, సేవ ఎక్కడ మొదలవుతుంది అంటే గీత గీయడం కష్టం.

లెక్కల్లో గీసే గీత కూడా అంత నమ్మదగ్గది కాదు. ఫ్యాక్టరీ తన జీతగాడిగా పెట్టుకున్నప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ పరిశ్రమల ఖాతాలో ఉంటాడు. అదే మనిషిని ఏజెన్సీ ద్వారా తెస్తే సేవారంగం ఖాతాలోకి పోతాడు. గేటు అదే, కుర్చీ అదే.

అయినా వస్తువు చేసేవాడే అసలు పనివాడు అన్న భావన మనలో గట్టిగా ఉంది. ఇది అమ్మమ్మ ఒక్కదానిదే కాదు. 1776లో ఆడమ్ స్మిత్ కూడా ఇంట్లో పనిచేసే నౌకరు శ్రమ ఆ క్షణంలోనే కరిగిపోతుందని, అది సంపదని పెంచదని రాశాడు. నిజాయితీపరుడు కాబట్టి రాజునీ, సైన్యాన్నీ, మతగురువుల్నీ, లాయర్లనీ, డాక్టర్లనీ, సంగీతగాళ్ళనీ కూడా అదే వరసలో నిలబెట్టాడు. లోకం మాత్రం ఆ వరసలో రాజుకి దణ్ణం పెట్టి, నౌకరునే తక్కువగా చూసింది.

మన భాషలోనూ అంతే. దేవుడికి చేస్తే సేవ. ఆఫీసులో చేస్తే సర్వీసు. ఇంట్లో ఆడవాళ్ళు చేస్తే చాకిరి. పెద్దకులాలకి కిందికులాలు చేస్తే ఊడిగం. ఇప్పుడు 'సేవారంగం' అని ఒకే మాట కింద సాఫ్ట్‌వేర్ ఇంజనీరునీ, ఇంటింటికీ అన్నం పొట్లాలు మోసే కుర్రాడినీ కలిపి లెక్కేస్తున్నాం. మాట మారినంత తేలిగ్గా చూపు మారలేదు. నా చూపు మారలేదని నాకు ఎలా తెలిసిందో చెప్పాలి.

2019లో మా అమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. నేనూ నా భార్యా ఉద్యోగాలకి పోవాలి. ముత్తుకూరు వైపు నుంచి ఒకామె పొద్దున వచ్చి సాయంత్రం దాకా చూసుకునేది. నెలకి తొమ్మిది వేలు. ఏడాది తిరిగాక, "పదివేలు చెయ్యి సార్, ఆటోలకే అయిపోతుండాయి" అంది. నేను బేరమాడాను. రోజంతా అమ్మ నిద్రలోనే ఉంటుంది కదా, పెద్ద పనేముంది అన్నాను. తొమ్మిదిన్నరకి ఒప్పించాను. అదే వారం మేనకోడలి పెళ్ళికి వెంకటగిరి వెళ్ళి, నేతగాళ్ళ ఇంట్లో జరీ చీర పద్నాలుగు వేలకి కొన్నాను. మారుమాట్లాడలేదు. మగ్గం మీద మనిషిని బేరమాడడం పాపమనిపించింది.

చీరలో శ్రమ కంటికి కనిపిస్తుంది. మా అమ్మ దగ్గర కూర్చున్నామె శ్రమ ఎక్కడ కనిపిస్తుంది? ఆమె రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పేది. వీపు తుడిచి పౌడరు రాసేది. మూడేళ్ళు మంచంలో ఉన్నా అమ్మకి ఒక్క పుండు పడలేదు. చూడడానికొచ్చిన డాక్టరు ఆ మాట అన్న రోజున నాకు అర్థమైంది. ఆమె పనికి ఫలితం ఏమీ జరగకపోవడమే. పుండు పడలేదు, జారిపడలేదు, అన్నం పొలమారలేదు. జరగనిదాన్ని దేవుడి గూట్లో పెట్టుకోలేం. అందుకని దానికి ధర కట్టలేమనుకుంటాం, ఆపైన ధరే లేదనుకుంటాం. నేను ముప్పై ఆరేళ్ళు అమ్మింది కూడా జరగనిదానికి భరోసానే. నాకు మాత్రం నెలనెలా జీతం, పెన్షనూ వచ్చాయి.

ఇంకో సంగతి దీనికంటే ఇబ్బందిపెడుతుంది. అమ్మమ్మ షెడ్డులో నలభైమంది ఆడవాళ్ళు ఒకేచోట కూర్చునేవాళ్ళు. ఒకసారి కూలి తగ్గిస్తే అందరూ కత్తులు కింద పెట్టేశారట. మూడోరోజుకి పాత కూలి ఇచ్చారని చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. ఫ్యాక్టరీ పోవడమంటే వస్తువు పోవడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నలుగురూ కలిసి కూర్చునే ఆ చోటు పోవడం అంతకంటే పెద్ద నష్టం. మా ఇంట్లో ఆమె ఒక్కతే. కత్తి ఎవరితో కలిసి కింద పెడుతుంది? ఒకవేళ మానేసినా, మైకా పలక ఆకలితో ఏడవదు. మా అమ్మ ఏడుస్తుంది. ఆమెకి ఆ సంగతి తెలుసు, అమ్మంటే ఆమెకి ప్రేమని నాకు తెలుసు. ఆ ప్రేమని ఆసరా చేసుకుని ఐదొందలు మిగిల్చుకున్నాను. సేవ చేసేవాళ్ళ మంచితనాన్నే వాళ్ళ బేరానికి అడ్డం పెట్టడం ఈ కొత్త ఆర్థికవ్యవస్థలో మనందరికీ అలవాటైపోతోంది. నర్సులతో అదే చేస్తున్నాం, అంగన్‌వాడీ టీచర్లతోనూ అదే.

మళ్ళీ ఫ్యాక్టరీలొస్తే అన్నీ సర్దుకుంటాయంటే నమ్మను. రావాలి, తడలో ఆ పిల్లల జీతాలు ఇళ్ళు నిలబెడుతున్నాయి. కానీ ముసలివాళ్ళు ముసలివాళ్ళవుతూనే ఉంటారు, వాళ్ళని తిప్పి పడుకోబెట్టే చేతులు కావాల్సిందే. ఆ చేతులకి కనీస వేతనం, వారానికో సెలవు, నలుగురూ కూడి అడిగే హక్కు ఇవ్వకుండా సేవారంగం పెరిగిందని సంబరపడితే, పాత ఊడిగానికి కొత్త పేరు పెట్టినట్టే.

2022లో అమ్మ పోయింది. పదోరోజున ఆమె వచ్చి, భోంచేసి, వేరే ఇంట్లో కుదిరానని చెప్పింది. రెండేళ్ళ తేడా లెక్కగట్టి పన్నెండు వేలు కవర్లో పెట్టి ఇచ్చాను. "ఇదెందుకు సార్?" అంది. పాత బాకీ అన్నాను. నిజానికి తీరింది డబ్బు లెక్కే. పెద్ద పనేముందన్న మాట మాత్రం ఆమె ముందు వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ.