దాచడంలోని ధర్మం

తెలిసిన విషయాన్ని తెలియకుండా చెప్పడం తప్పా? వ్యవహారంలో దానిని మోసమంటాము, కావ్యంలో చమత్కారమంటాము. దినపత్రికలో గళ్ళ నుడికట్టు రూపంలో ఎదురైనప్పుడు పెన్సిలు చేతబట్టి మనమే కోరి దానికి లోనవుతాము. ఒకే పని ఒకచోట నింద్యమూ, మరొకచోట వినోదమూ ఎట్లా అవుతున్నదన్నది ఆలోచించదగిన ప్రశ్న.

మన ఆలంకారికులకు ఈ ప్రశ్న కొత్త కాదు. 64 కళలలో ప్రహేళికకు వాత్స్యాయనుడు చోటిచ్చాడు. వ్యాఖ్యానం లేనిదే బోధపడని కావ్యాన్ని భామహుడు మెచ్చలేదు. అది కొద్దిమంది మేధావులను రంజింపజేసి తక్కినవారిని వాకిట నిలబెడుతుందని ఆయన ఆక్షేపణ. దండి 'కావ్యాదర్శం'లో 16 విధాల ప్రహేళికలను వివరించి, పూర్వులు చెప్పిన దోషయుక్తమైన మరి 14 విధాలను వివరించకుండా విడిచిపెట్టాడు. దాచడంలో కూడా ఒప్పూ తప్పూ ఉన్నాయన్నది ఈ విభజనలోని అంతరార్థం.

1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ ప్రచురించిన తొలి పదవినోదంలో ఆధారాలు సూటిగానే ఉండేవి. వాటిని శ్లేషతో నింపి, పైకి ఒక అర్థమూ లోపల మరొక అర్థమూ ఉండేట్లు మలచినవి బ్రిటిష్ పత్రికలు. మన దేశంలో 1971లో 'ది హిందూ' పత్రిక ఈ శీర్షికను ప్రారంభించినప్పుడు దానిని కూర్చినవారు, భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతిగా పనిచేసిన అడ్మిరల్ రామదాస్ కటారి. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఈ ప్రక్రియకు సాహిత్య గౌరవం కల్పించారు. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం చాలు. తెలుగులో గుణింతంతో, ఒత్తుతో కూడిన అక్షరమంతా ఒక గడిలో ఇమడాలి. అందువల్ల మన కూర్పరి పని మరింత కఠినం.

ఈ విద్యకు నీతి ఏర్పడింది ఆటలోనే. 'అఫ్రిట్' అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన ఎ. ఎఫ్. రిచీ 1949లో దానిని సూత్రీకరించాడు. దాని సారాంశం ఇది: కూర్పరి పాఠకుణ్ణి పక్కదారి పట్టించవచ్చు గాని, వాక్యంలోని ప్రతి పదమూ ఏదో ఒక రీతిలో నిజమే చెప్పాలి. ఒక ఉదాహరణ చూద్దాము. 'స్వప్నం వెంటనే దేవుడిచ్చినది ఆందోళన (4)' అన్న ఆధారం ఏదో పీడకలను గురించి చెబుతున్నట్లు తోస్తుంది. స్వప్నం అంటే కల, దేవుడిచ్చినది వరం. రెండూ కలిస్తే 'కలవరం', అంటే ఆందోళన. ఇక్కడ మోసమున్నది గాని అబద్ధం లేదు. దీనికి బదులు 'రాత్రి నిద్ర పాడైంది' అని వ్రాసి, 'కలవరం' అన్న జవాబునే ఆశించే కూర్పరి దారి మూసివేసి తలుపు తట్టమంటున్నాడు.

ఈ తేడాను తేల్చవలసినవాడు సమీక్షకుడు. అతని ఎదుట రెండు ప్రశ్నలుంటాయి. ఇది కష్టమైన ఆధారమా, అన్యాయమైన ఆధారమా? తనకు అందలేదన్న కోపంతో కష్టాన్ని అన్యాయమనడం సులభం. మరునాటి పత్రికలో జవాబు చూసిన తరువాత అన్యాయాన్ని కూడా తేలికేననడం అంతకన్నా సులభం. తన అశక్తతను ఎదుటివాని దోషంగానూ, ఎదుటివాని దోషాన్ని తన అశక్తతగానూ పొరబడకపోవడమే సమీక్షకుని నిజాయితీ. సాహిత్య విమర్శకూ ఇది వర్తిస్తుంది.

ఐతే దారి ఎవరి కోసం అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. అండమాన్ నికోబార్ దీవులలో, 2011 జనాభా లెక్కల ప్రకారం, తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ చెంతనున్న బతు బస్తీలో ఇంట తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయంలో ఇంగ్లీషు వాడే పాఠకుణ్ణి ఊహించుకుందాము. మూడు భాషల నడుమ మసలే అతనికి పదాన్ని విరిచి చూడడం అలవాటైన విద్య. శ్లేష అతనికి త్వరగానే పట్టుబడవచ్చు. గోదావరి లంకలలో మాత్రమే వినిపించే మాటపై నిలిచిన ఆధారమైతే అతనికి ఏ దారీ ఇవ్వదు. సముద్రం దాటి వెళ్ళిన తెలుగును కూర్పరి మరచిపోయాడంతే. అందుచేత న్యాయం ఆధారంలోనే కాక, దానిని ఎవరికి అందిస్తున్నామన్న ఎరుకలోనూ ఉన్నది.

ఇది వినోదానికి పరిమితమైన విచారం కాదు. నుడికట్టు నింపేవాడు తికమకకు సమ్మతించి కూర్చుంటాడు; విసుగు కలిగితే పత్రిక మడిచి పక్కన పెట్టగలడు. పింఛను నిబంధనను, భూమి పట్టా ప్రకటనను చదివే పౌరుడు అటువంటి సమ్మతి ఏదీ ఇవ్వలేదు. అతనికి మరునాడు జవాబు అచ్చు కాదు. గడువు మాత్రం దాటిపోతుంది. ఆటలో కూర్పరి పాటించే మర్యాదను పాలనలో మనం పాటించకపోతే, దండి విడిచిపెట్టిన దోషయుక్త ప్రహేళికలకు మన ఉత్తర్వులను కూడా చేర్చవలసి వస్తుంది. ఒక ఉత్తర్వుపై సంతకం చేసే ముందు, బతు బస్తీలోని ఆ పాఠకుడు దీనిని ఎవరి సాయమూ లేకుండా విప్పుకోగలడా అని ఒకసారి ప్రశ్నించుకోవడం ఉచితం.