అరువు తాళపుచెవి

పరుల పుస్తకమును అడుగక తీసికొనరాదని మేము ఇరువది యేండ్లుగా పిల్లలకు బోధించుచున్నాము. అట్టి మేము గడచిన మాసమున ఒక వ్యాసమును మాదికాని తాళపుచెవితో తెఱచి చదివితిమి. అది తప్పా, ఒప్పా యని నాటినుండియు మమ్ము మేము ప్రశ్నించుకొనుచున్నాము. ఆ విచారమును చదువరుల యెదుట నుంచుట యుచితమని తోచినది. ఏలయన, ఇది మా యొక్కరి సంగతి కాదు.

జరిగిన దిది. పదవ తరగతిలో సీసపద్యమును చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారూ, సీసం మన తెలుగువాళ్లదేనా? కన్నడంలో కూడా ఉందాండీ?" యని యడిగినది. మాకు నిశ్చయముగా తెలియదు. తెలియదనియే చెప్పి, విచారించి చెప్పెదమని మాట యిచ్చితిమి.

ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చుండి వెదకగా, దక్షిణదేశపు దేశి ఛందస్సులనుగూర్చిన వ్యాస మొకటి విదేశపు పరిశోధన పత్రికలో కలదని రెండు నిమిషములలో తెలిసినది. మా యౌవనమున ఇట్టి జాడ తెలియుటకే సూచికలను పుటపుటయు త్రిప్పుచు వారములు గడపవలసి వచ్చెడిది. కాని జాడ తెలిసిన చోటనే ద్వారము మూయబడియున్నది. ఇరువది పుటల యా వ్యాసమును చదువుటకు 3,000 రూపాయలకు మించిన వెల చెల్లింపుమని తెరపై కనబడినది.

శనివారమునాడు పట్నమునందలి విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పోయితిమి. పూర్వ మచ్చట బయటివారు ద్వారముకడ సంతకము చేసి, పఠనశాలలో కూర్చుండి యే సంపుటమునైనను చదువుకొనెడివారు. మేమును అట్లు చదివినవారమే. ఇప్పుడు క్రొత్త సంపుటములు బీరువాలలో లేవు, కంప్యూటరులలో నున్నవి. "మీకు లాగిన్ లేదు కదండీ" యని అచ్చటి యుద్యోగి వినయముగానే చెప్పెను.

మా చిన్ననాటి మిత్రులొకరు అచ్చట అధ్యాపకులు. వారు మా యవస్థ విని, తమ పాస్‌వర్డును చీటిపై వ్రాసి యిచ్చిరి. ఆ రాత్రియే చదివితిమి. మంచి వ్యాసము. సోమవారము తరగతిలో తెలిసినదంతయు చెప్పితిమి. బాలిక సంతసించి, "ఆ వ్యాసం ఎక్కడ దొరికిందండీ? నేనూ చదవొచ్చా?" యని యడిగినది. ఆ ప్రశ్నకు మాత్రము మేము బదులు చెప్పలేకపోయితిమి.

మేము చేసినది దొంగతనమా? దొంగతనమన ఒకని సొత్తు వానికి లేకుండ చేయుట. మేము చదివినందున ఆ వ్యాసము ఎవరికిని కొఱవడలేదు. చేయిదాటిన పుస్తకము మరల రాదని మన పెద్దలు వెఱచిరి. ఒక ప్రతిని తాటాకులపై వ్రాయుటకు నెలలు పట్టిన కాలమున ఆ వెఱపు న్యాయమే. ఇప్పుడన్ననో, ఇచ్చినను ఇచ్చినవానికడనే నిలుచు పుస్తకము పుట్టినది. విచిత్రమేమన, పుస్తకము పోవునను భయము తీరిన కాలముననే తాళము గట్టిపడినది.

అయినను మేము నిర్దోషులము కాము. తమ పాస్‌వర్డు నితరుల కీయమని మా మిత్రులు గ్రంథాలయమునకు మాట యిచ్చియున్నారు. మా పనికై వారిచేత ఆ మాటను తప్పించితిమి. జ్ఞానమునకు అందఱును హక్కుదారులని వాదించి సభలో గెలువవచ్చును. స్నేహితునిచేత ఆడినమాట తప్పించుటకు ఆ వాదము చాలదు. అదియునుగాక, లెక్కకు మించి వ్యాసములను ఎవరో దించుకొనుచున్నారని కనిపెట్టినచో ప్రచురణకర్తలు విద్యాలయమున కంతకును దారి నిలిపివేయుటయు కలదు. అప్పుడు ఒకరి చొరవకు వేలమంది విద్యార్థులు నష్టపడుదురు. మేము చదివినది ఒక్కటే. కాని ప్రతివాడును తాను చదివినది ఒక్కటే కదా యనుకొనును.

మా తప్పు ఇంతవఱకు. ఇక తాళము సంగతి చూతము. అచ్చుపత్రికను కొన్న గ్రంథాలయము దానికి యజమాని. చందా మానినను పాతసంపుటములు బీరువాలో నుండెడివి. డిజిటల్ పత్రికల విషయమున గ్రంథాలయము చాలవఱకు అద్దెయింటి కాపురము చేయుచున్నది. ఏటేట చందా కట్టవలెను. ఎవరెవరు చదువవచ్చునో యొడంబడికలో వ్రాసికొనవలెను. ఆవరణలోని కంప్యూటరుల అంతర్జాలపు చిరునామాను గుర్తించి ప్రచురణకర్త తలుపు తీయును. వెలుపలినుండి తట్టినవానిని పేరును పాస్‌వర్డును అడుగును.

ప్రచురణమునకు వ్యయము కాదా యని కొందఱందురు. అగును. వ్యాసమును పరిష్కరించుటకు, భద్రపఱచుటకు, వెదకినవానికి దొరకునట్లు అమర్చుటకు జీతము లీయవలెను. కాని వ్యాసమును వ్రాసిన పండితునకు పరిశోధన పత్రిక సాధారణముగా పారితోషిక మీయదు. దాని గుణదోషములను పరిశీలించిన సాటి పండితునకును ఈయదు. వారి జీతములు పెక్కుచోట్ల ప్రజాధనమునుండి వచ్చునవే. ప్రజాధనముతో పండిన పంటను ప్రజాధనముతోనే మరల కొని, గట్టుమీద నిలిచిన వానికి గింజయైనను లేదనుట ఏ ధర్మము?

వేఱు మార్గము లేకపోలేదు. 1991 లో పాల్ గిన్స్‌పార్గ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్కైవ్ అను భాండాగారమును నెలకొల్పెను. పత్రికలలో వెలువడుటకు ముందే శాస్త్రజ్ఞులు తమ వ్యాసములను అందుంతురు. చదువగోరినవాడు వెల లేకయే చదువును. మన దేశమున 2009 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, పరిశోధకులు తమ సిద్ధాంతగ్రంథములను కంప్యూటరు ప్రతిగా కూడ సమర్పింపవలెనని నియమించినది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడపుచున్న శోధగంగయందు అట్టి గ్రంథములు లక్షలకొలది కలవు. వానికి పాస్‌వర్డు అక్కఱలేదు. పూర్వము పట్టము చేతికి వచ్చినతోడనే బీరువాలో చేరి దుమ్ముపట్టెడి గ్రంథమును నేడొక బడిపంతులు తన యింట కూర్చుండి చదువుచున్నాడు. దానివలన ఏ పండితునకు ఏమి లోపించినది?

2024 నవంబరు 25 న కేంద్ర మంత్రివర్గము 'ఒకే దేశం, ఒకే చందా' యను పథకము నంగీకరించినది. 2025 మొదలు మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయల వ్యయము. 30 ప్రచురణసంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు. 6,300 కు పైబడిన ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధనసంస్థలు. వానిలో సుమారు 1.8 కోట్ల చదువరులు. మాఱుమూల ప్రభుత్వ కళాశాల విద్యార్థికిని, మహానగర విద్యార్థికిని ఒకే బీరువా తెఱచిన యీ పని మెచ్చదగినది. కాని ఆ లెక్కలో బడిపంతులు లేడు. పౌరగ్రంథాలయమున కూర్చున్న రైతుబిడ్డ లేడు. ఆ 6,000 కోట్లలో వారి పన్నుల రూపాయలును ఉన్నవి.

తెలుగుదేశమున గ్రంథాలయమను మాటకు ఇంత యిఱుకైన యర్థము ఎన్నడును లేదు. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు గాని, 1914 లో బెజవాడయందు గ్రంథాలయ మహాసభను కూర్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారు గాని, పడవలపై పుస్తకములను కాలువగట్ల పల్లెలకు పంపిన పాతూరి నాగభూషణముగారు గాని పాఠకుని 'నీవే కళాశాలవాడ' వని యడుగలేదు. 1931 లో గ్రంథాలయశాస్త్ర సూత్రములను ప్రకటించిన రంగనాథన్‌గారు మదరాసు విశ్వవిద్యాలయపు గ్రంథాలయాధికారియే. ప్రతి పాఠకునకును తగిన పుస్తకము చేరవలెనన్న వారి సూత్రమున, పాఠకుడనగా లాగిన్ గలవాడని వ్యాఖ్యానము చేయుట కష్టము.

కావున మా మనవి యిది. ఆవరణలోనికి వచ్చి కూర్చుండి చదువుకొను బయటివారిని అనుమతించు నొడంబడికలు పెక్కులు కలవు. ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయమును తన యొడంబడికను మరల చదివి, పఠనశాలలో బయటివారికై రెండు కంప్యూటరుల నుంచవలెను. అధ్యాపకులు తమ వ్యాసముల ప్రతులను, నియమములు ఒప్పినంతవఱకు, ఎల్లరు చదువుచోట నుంచవలెను. ప్రజల చందాతో తెఱచిన పత్రికలు జిల్లా గ్రంథాలయములకును చేరవలెను. పాస్‌వర్డు అరువడుగువానిని నిందించుటకంటె, అడుగవలసిన యవసరము లేకుండ చేయుట మేలు.

ఆ చీటిని చింపివేసి, పాస్‌వర్డును మార్చుకొనుడని మిత్రులకు చెప్పితిమి. పిమ్మట, మొట్టమొదటనే చేయవలసిన పనిని చేసితిమి. ఒక పల్లెబడిలోని బాలిక మీ వ్యాసమును చదువగోరుచున్నది, ప్రతి దయచేయుదురా యని ఆ వ్యాసకర్తకే ఉత్తరము వ్రాసితిమి. నాలుగవనాడు ప్రతి వచ్చినది. బాలిక ప్రశ్న బాగున్నదనికూడ వ్రాసిరి. తాళమును చూచి, వ్రాసినవారొకరు కలరను మాటనే మేము మఱచితిమి.

ఆంగ్లమున నున్న ఆ యిరువది పుటలను ఆమె శంకరనారాయణగారి నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, దినమున కొక పుటగా చదువుచున్నది. నిన్నటికి ఏడవ పుటకు వచ్చినది. మూడవ పుటలోని యొక మాటతో తాను ఏకీభవింపనని చెప్పుచున్నది.