విరూపణ్ణ కళ్ళు, మన గుండె

లేపాక్షి వీడియో చూశారు కదా! అందులో వేలాడే స్తంభం గురించే ఎక్కువ చెప్పుకున్నాం. ఇవాళ విరూపణ్ణ గురించి మాట్లాడుకుందాం.

అచ్యుత దేవరాయల కాలంలో ఆయన పెనుకొండలో కోశాధికారి. అంటే మనలాగే ఉద్యోగి. అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో వీరభద్రుడి గుడి కట్టించాడని నింద పడింది. రాజు కళ్ళు తీయిస్తాడని తెలిసి, భటులు రాకముందే తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడని స్థలపురాణం. ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణ మండపం సగంలోనే ఆగిపోయి ఉంది.

పోయినేడు బెంగళూరులో, రిలీజ్ ముందురోజు రాత్రి నాకు ఛాతీ పట్టేసింది. ఎమర్జెన్సీలో ఈసీజీ తీస్తుంటే డాక్టర్‌ని నేనడిగిన మొదటి మాట: "పదకొండుకి కాల్ ఉంది సార్, ఆలోపు పంపించేస్తారా?" ఈసీజీ బాగానే ఉంది. బీపీ మాత్రం 160/100. నా వయసు 28.

హిందూపురం నుంచి మొదటి బస్సుకే వచ్చేసిన అమ్మ ఒక్కటే అడిగింది: "ఆస్పత్రిలో ఉండావని ఆఫీసోళ్ళకి చెప్పినావా నాయనా?"

చెప్పలేదు. లీవ్ ఇవ్వమని ఎవరూ అనలేదు, అంటారని నేనే అనుకున్నా. భటులు రాకముందే శిక్ష వేసుకున్నా.

మరి తప్పంతా నాదేనా? విరూపణ్ణ తానే పెరుక్కున్నాడు కాబట్టి రాజుకి సంబంధం లేదనగలమా? మనిషి అంత భయపడే కొలువు నడిపినవాడికీ అందులో వాటా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పిన లెక్క చూడండి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ఇది ధ్యానం చేసుకోమని ఉద్యోగులకి చెప్పి చేతులు దులుపుకునే విషయం కాదు. పని గంటలు తగ్గించాల్సింది యాజమాన్యమే.

కానీ నా వాటా కూడా ఉంది. "ఫలితం ఆశించకుండా పనిచెయ్" అనే మాటని నేను "నోరెత్తకుండా పనిచెయ్" అని అర్థం చేసుకున్నా. అప్రైజల్ పోతుందన్న భయం కూడా ఫలాసక్తే కదా! అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. రాత్రి రెండింటిదాకా మేల్కొని దానికి కర్మయోగం అని పేరు పెట్టుకుంటే ఎలా?

ఆ రోజు మంచం మీంచే మా లీడ్‌కి మెసేజ్ పెట్టా. రిలీజ్ రెండ్రోజులు జరిగింది. కొంపలేం మునగలేదు.

మీకూ ఛాతీ పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకుని ఊరుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. దారిలోనే ఆఫీసుకి చెప్పేయండి. వాళ్ళు ఏమంటారో వాళ్ళనే అననివ్వండి, మీరు ముందే ఊహించుకోకండి.

హర హర మహాదేవ!